రింగులు కొనే ముందు లైనర్ కొలవండి

చిత్తూరు, ఐరాల వైపు చెరకు గానుగలకు కరెంటు మోటార్లు వచ్చినా, పక్కన డీజిల్ ఇంజన్ ఉంటే ఉండే ధైర్యం వేరు. అది నీలం పొగ వదులుతూ, బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) బుసకొడుతుంటే షెడ్డులో వినబడే మాట ఒకటే: "పిస్టన్ రింగులు ఏసేద్దాం." కొలవకుండా వేసిన రింగులు సీజన్ దాటవు.

లైనర్, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టం, పైనుంచి కింది దాకా ఒకేలా అరగదు. పిస్టన్ పైకొచ్చి ఆగి తిరిగే చోట వేడీ ఒత్తిడీ ఎక్కువ, ఆయిల్ పొర పలచన. అరుగుదల అక్కడే ఎక్కువ. దాని పైన, రింగు తగలని చోట, గోటికి తగిలే గట్టు మిగులుతుంది. కొత్త రింగు ఆ గట్టుకు కొట్టుకుని విరగొచ్చు.

లైనర్ లోపలి వ్యాసం కొలిచే డయల్ గేజి (బోర్ గేజి) లేకపోయినా కొలవొచ్చు. పిస్టన్ నుంచి పై రింగు తీసి, మసి తుడిచి లైనర్లో పెట్టండి. పిస్టన్‌ను తలకిందులు చేసి నెడితే రింగు వాలకుండా సమంగా కూర్చుంటుంది. మొదట అడుగున, రింగులు చేరని చోట, ఫీలర్ గేజితో (సన్నటి కొలత రేకులతో) మూతి సందు, అంటే రింగు రెండు కొసల మధ్య ఖాళీ, చూడండి. తర్వాత గట్టుకు కాస్త కింద. 80 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న లైనర్లో అడుగున 0.30, పైన 0.93 వచ్చిందనుకోండి. తేడా 0.63. దాన్ని 3.14తో భాగిస్తే 0.20 మి.మీ. లైనర్ వ్యాసంలో అరుగుదల అదే. పాత రింగైనా చాలు, మనకు కావలసింది తేడాయే. కోడిగుడ్డు ఆకారంలో అరిగిందా అన్నది మాత్రం దీంతో తేలదు, దానికి డయల్ గేజి ఉండాల్సిందే.

ఎంతవరకు ఓర్చుకోవచ్చన్నది మీ ఇంజన్ మాన్యువల్ చెప్పాలి. ఈ సైజు ఇంజన్లలో 0.20 దగ్గరికొస్తే నేనైతే లైనర్, పిస్టన్, రింగులు కలిపే మారుస్తాను. ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, ఆ తేడా ఉన్న లైనర్లో రింగు 1500 సార్లు దాదాపు 0.63 మి.మీ. తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్‌లో రింగు కూర్చునే గాడి వదులవక ఏమవుతుంది?

అరుగుదల పైభాగంలోనే మరీ ఎక్కువుంటే ముందు ఎయిర్ ఫిల్టర్‌ని అనుమానించండి. గానుగ దగ్గర పిప్పి ధూళి, మట్టి దుమ్ము రెండూ ఉంటాయి. గాలిలో దుమ్మును ఆయిల్ గిన్నెలో పట్టే ఆయిల్ బాత్ ఫిల్టరైతే ఆ గిన్నె రోజూ చూడాలి, అడుగున బురద పేరుకుంటే కడిగి కొత్త ఆయిల్ పోయాలి, అదీ గీత వరకే. ఎక్కువైతే ఇంజన్ దాన్నే పీల్చి మండించుకుని అదుపు తప్పుతుంది, డీజిల్ కట్టేసినా ఆగదు. అప్పుడు ఇంజన్ గాలి పీల్చే మూతికి చెక్కపలక అడ్డం పెట్టి నొక్కాలి, చేయి కాదు. ఆ పలక ఇంజన్ పక్కనే ఉండాలి.

ఇంజన్ చల్లబరచడానికి బోరుబావి నీళ్ళు నేరుగా వదిలేవాళ్ళు ఒకటి గమనించాలి. ఇంజన్ మరీ చల్లగా తిరిగితే కాలని డీజిల్ గోడల వెంట జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. బయటికొచ్చే నీళ్ళు 60, 70 డిగ్రీలుండేలా వాల్వు తిప్పుకోండి.

ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ స్ప్రే చూసేటప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టొద్దు. సుమారు 200 బార్ ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. మొదట నొప్పి తెలియదు, అయినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంజన్ స్టార్ట్ చేసే హ్యాండిల్ తిప్పేటప్పుడు భుజాన తువ్వాలు తీసేయండి, బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉంచండి. ఇంజన్ వెనక్కి తన్నితే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి.