1972 అంబాసిడర్ మార్క్ టూ: కాలిన తెల్ల వైరు

నా పాత అంబాసిడర్‌లో ఇగ్నిషన్‌కి కరెంటు తీసుకెళ్ళే తెల్ల వైరు కాలిపోయింది, ఎందుకు కాలిందో ఎట్టకేలకు దొరికింది! కాయిల్ (స్పార్క్‌కి కావాల్సిన హై వోల్టేజి తయారుచేసేది) కాదు, కండెన్సర్ (పాయింట్ల దగ్గర రవ్వలు ఆపేది) కాదు, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ప్లగ్గులకు పంచేది) అంతకన్నా కాదు.

ముందు మిగతా సంగతులు: కార్బురేటర్ ఓవర్‌హాల్ అయింది, ఐడ్లింగ్ నిలకడగా ఉంది. వెనక బ్రేకులు సమంగా పడుతున్నాయి. ఇక వైరింగ్.

లూకాస్ (బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీ) వైరింగ్ పద్ధతిలో బ్యాటరీ నుంచి కీ స్విచ్‌కి గోధుమరంగు వైరు వస్తుంది, కీ తిప్పితే తెల్ల వైరులోకి కరెంటు పోతుంది. ఈ రెంటికీ ఫ్యూజ్ లేదు. ఫ్యూజ్ దాటి వచ్చే ఆకుపచ్చ వైర్లకే రక్షణ. తెల్ల వైరు ఎక్కడ బాడీకి తగిలినా బ్యాటరీలో ఉన్న శక్తంతా దాని మీదే పడుతుంది.

నా బండిలో స్విచ్ దగ్గర మొదలై, ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు) గ్రామెట్ (రంధ్రంలో వైరు చుట్టూ ఉండే రబ్బరు రింగు) దాటి, ఫ్యూజ్ బాక్స్‌లో తెల్ల వైరు బిగించే ఏ3 స్క్రూ దాకా సుమారు 110 సెంటీమీటర్ల మేర వైరు తొడుగు వేయించిన అప్పడంలా ఉబ్బి నల్లబడింది. ఏ3 నుంచి కాయిల్‌కి వెళ్ళే ముక్క మాత్రం శుభ్రంగా ఉంది. ఒక్కచోటే మాడితే అక్కడ కనెక్షన్ లూజని అర్థం. పొడవునా మాడితే అది షార్టే, మాడిన భాగం ఎక్కడ ఆగిందో అక్కడే వెతకాలి.

అయినా చూసినవాళ్ళంతా కాయిల్ మార్చమనే అన్నారు. కాయిల్ ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే చుట్ట) చల్లగా ఉన్నప్పుడు 3.1 ఓమ్‌లు, ఇంజను బాగా వేడెక్కాక 3.6. పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ తెంచే కాంటాక్టులు) మూసుకుని అలాగే ఉండిపోయినా 4 ఆంపియర్లు దాటదు. కాయిల్ అవతల పాయింట్లు, కండెన్సర్ ఏది షార్టయినా అంతే, ఎందుకంటే కరెంటు కాయిల్‌లోంచే రావాలి. 4 ఆంపియర్లకు ఈ వైరు గోరువెచ్చగా కూడా అవదు.

విజయవాడ ఆటోనగర్‌లో 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు తెచ్చి మార్చాను. ఇళ్ళ వైరింగుకి వాడే వైరు ఇంజను పక్కన పనికిరాదు, పోగులు లావు, అదురుకి విరుగుతాయి. స్విచ్ దగ్గర 15 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్ కూడా పెట్టాను. బండి వెంటనే అందుకుంది. కొండపల్లి వైపు వెళ్తుంటే గతుకుల్లో ఫ్యూజ్ పోయింది. కొత్తది వేస్తే మళ్ళీ బాగానే నడిచింది, ఇంకో గతుకు దాకా. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెడితే తెల్ల వైరుకీ బాడీకీ మధ్య ఏ సంబంధమూ లేదంటుంది. గ్రామెట్ మీద అనుమానంతో విప్పాను, రబ్బరు మెత్తగానే ఉంది. కీ స్విచ్ వెనక టెర్మినల్‌కీ డాష్‌బోర్డు రేకుకీ మధ్య 8 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. అదీ కాదు.

చివరికి పట్టించింది బ్రేక్ లైట్ బల్బు. ఫ్యూజ్ తీసి దాని స్థానంలో 21 వాట్ల బల్బు కట్టాను. కాయిల్‌కి కరెంటు వచ్చే ఎస్‌డబ్ల్యూ స్క్రూ నుంచి వైరు ఊడదీసి, ఆకుపచ్చ వైర్లకు కరెంటు ఇచ్చే ఏ3-ఏ4 గాజు ఫ్యూజ్ కూడా తీసేశాను. ఇక ఇగ్నిషన్ వార్నింగ్ లైటు ఒక్కటే మిగులుతుంది, అది తీసుకునే కాస్త కరెంటుకి ఈ బల్బు వెలగదు. వెలిగిందంటే షార్టే. కీ ఆన్ చేసి చెక్క గరిటె కాడతో హార్నెస్‌ని (వైర్ల కట్టని) అంగుళం అంగుళం నొక్కుతూ పోతే, ఫ్యూజ్ బాక్స్ అంచు నొక్కగానే బల్బు భగ్గున వెలిగింది. మల్టీమీటర్ అంకెలు మారేలోపు తప్పిపోయే షార్ట్ ఇది.

బాక్స్ విప్పితే వెనక బేకలైట్ పగిలి ఉంది. ఏ3 ఇత్తడి రివెట్ బాడీ రేకుకి దాదాపు ఆనుకుని ఉంది. ఎదురుగా రేకు మీద రంగు లేచిపోయి చిన్న గుంట పడింది. ప్రస్తుతానికి మధ్యలో సైకిల్ ట్యూబు రబ్బరు వేసి బిగించాను, ఎంత కుదిపినా బల్బు వెలగడం లేదు.

ఇంకో చిక్కుంది. పాయింట్లు మూసి కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, కాయిల్ దగ్గర 11.1. దారి పొడవునా ఎన్ని వోల్టులు తగ్గుతున్నాయో ముక్కలుగా కొలిచాను: స్టార్టర్ సోలనాయిడ్ దాకా 0.05, కట్‌ఔట్ (ఛార్జింగ్ పెట్టె) దాకా 0.2, స్విచ్ దాకా 0.1, స్విచ్ లోపలే 0.8, తర్వాత ఏ3 దాకా 0.1, కాయిల్ దాకా 0.15. ఆ 0.8 అంటే స్విచ్‌లో దాదాపు 3 వాట్ల వేడి. షార్టయినప్పుడు పోయిన కరెంటుకి లోపలి కాంటాక్టులు కాలి ఉంటాయని నా ఊహ. విప్పితే గానీ తెలియదు.

దొరికితే పాత స్టాకు స్విచ్, లేకపోతే స్విచ్ మీద భారం తగ్గించేలా కాయిల్‌కి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్). ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టను. లూకాస్ టీవీఎస్ పాయింట్లు 0.015 అంగుళాల గ్యాప్‌తో చక్కగా నడుస్తున్నాయి, దారిలో ఆగినా ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకులు) ఉంటే చాలు. కొత్త ఫ్యూజ్ బాక్స్ వేసేటప్పుడు ఒకటి చూసుకోవాలి. పాత గాజు ఫ్యూజ్ మీద 35 అని ఉంటే అది తెగిపోయే అంకె, ఎడతెగకుండా మోసేది 17 మాత్రమే. బ్లేడ్ ఫ్యూజ్ మీద రాసేది మోసే అంకె. 35 స్థానంలో చాలామంది 35 బ్లేడే గుచ్చేస్తున్నారు, వేయాల్సింది 15. ఆ తర్వాత గోధుమరంగు వైరుకి బ్యాటరీ దగ్గరే ఒక మెయిన్ ఫ్యూజ్, వీలైతే వైపర్ మోటారు వైరింగు కూడా వానలు పడేలోపు.