నీకు అక్కర్లేదు కదా

సన్‌స్క్రీన్ ట్యూబు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతూ నా దాకా వచ్చి, నన్ను దాటి పక్కనున్న అమ్మాయి దగ్గరికి వెళ్లిపోయింది. "నీకు అక్కర్లేదు కదా!" అన్నాడు ఇచ్చినతను నవ్వుతూ. చెడు ఉద్దేశంతో అన్న మాట కాదు. కొండెక్కేటప్పుడు నా సంచి కూడా తనే మోసిన మనిషి. గొంతులో ముల్లులా గుచ్చుకున్నది అందుకే. ఎవడో పొగరుబోతు అని ఉంటే అక్కడే దులిపేసి మరిచిపోయేదాన్ని.

ఆస్ట్రియాలో, టిరోల్ కొండల మీది సరస్సుల్లో బతికే సూక్ష్మజీవులను పట్టి తెచ్చి లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఇక్కడికి రాకముందు ఎండ అంటే నాకు ఉక్కపోత, వడగాలి. కొండ మీద ఎండ అలా ఉండదు. చల్లగా, హాయిగా ఉంటుంది, ప్రమాదం తెలియనివ్వదు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత 10 శాతానికి పైగా పెరుగుతుంది. తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పి ముఖం మీదికే కొడుతుంది. ఆ మంచు నల్ల ముఖమా, తెల్ల ముఖమా అని చూడదు. నా చర్మం కొంత కాపాడుతుంది, కాదనను. కానీ కొంత కాపాడటం వేరు, అక్కర్లేకపోవడం వేరు.

ఆ రోజు రబ్బరు పడవలో కూర్చుని వల పైకి లాగుతున్నంత సేపూ ఇదే గొణుక్కున్నాను. సీసాలోకి ఒంపిన నీళ్లలో ఎర్రటి నలుసులు కుదుపులు కుదుపులుగా ఈదుతున్నాయి. సైక్లాప్స్ అంటారు. మిల్లీమీటరు అటూ ఇటూ పొడవు, నుదుటి మీద ఒకే కన్ను, ఆడదైతే తోకకు రెండు వైపులా గుడ్ల సంచులు. ఆ ఎరుపు చూడాలంటే బతికి ఉండగానే చూడాలి. ఆల్కహాల్‌లో వేస్తే రంగంతా కరిగి, పాలిపోయిన శవాలు మిగులుతాయి.

ఎరుపు వాటికి గొడుగు. ఈ సరస్సుల చుట్టూ అడవి లేదు, కుళ్లే ఆకులు లేవు. ఆకు కషాయంతో గోధుమరంగుకు తిరిగిన నీళ్లలో అతినీలలోహితం కొద్ది లోతులోనే ఆగిపోతుంది. ఇక్కడి నీళ్లు అద్దంలా ఉంటాయి కనుక చాలా లోతు దాకా దిగుతుంది, కొన్ని సరస్సుల్లో అడుగును కూడా తాకుతుంది. కెరోటినాయిడ్ అనే ఆ ఎర్ర పదార్థాన్ని సైక్లాప్స్ మొదటి నుంచి సొంతంగా తయారు చేసుకోలేదు, తినే నాచు నుంచి తెచ్చుకుంటుంది. నాచు నుంచే మరో సరుకు కూడా దాచుకుంటుంది: మైకోస్పోరిన్ తరహా అమైనో ఆమ్లాలు. వీటికి రంగు లేదు. అతినీలలోహితాన్ని పీల్చేస్తాయి, చూసేవాళ్లకు మాత్రం కనపడవు.

కనపడకపోవడం ఎందుకంటారా? చేపల వల్ల. ఎర్రగా ఉన్నవాటిని చేప ముందు పట్టుకుంటుంది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్స్-ఆండర్స్ హాన్సన్ 2000లో ప్రచురించిన ప్రయోగాలు ఈ రంగు సంగతే చెబుతాయి. అతినీలలోహితం తగిలితే సైక్లాప్స్ తరహా జీవులు రంగు పెంచుకున్నాయి, నీళ్లలో చేప జాడ తగిలితే తగ్గించుకున్నాయి. ఇక్కడ కొండ సరస్సుల్లోనూ చేపల కథ ఉంది. 2,417 మీటర్ల ఎత్తున ఉన్న గోసెన్‌కోలెజే సరస్సులోని ట్రౌట్లు తమంతట తాము ఎక్కి వచ్చినవి కావు, సుమారు 500 ఏళ్ల కిందట మాక్సిమిలియన్ చక్రవర్తి కాలంలో మనుషులు తెచ్చి వదిలినవి.

ధ్రువ ప్రాంతపు లోతులేని గుంటల్లో నల్లటి డాఫ్నియాలుంటాయి, ఇవీ సైక్లాప్స్ లాంటి చిన్న నీటి జీవులే. మన చర్మంలో ఉన్న మెలనిన్ కుటుంబపు రంగే వాటి పెంకులోనూ ఉంటుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ ఆ నలుపు పెంకుతో పాటే పోతుంది, మళ్లీ కొత్తగా తయారు చేసుకోవాలి. ఆ ఖర్చుకు పెరుగుదల మందగిస్తుంది. దిగి దాక్కునే లోతు లేక ఆ నల్లకోటు వేసుకున్నాయి. లోతున్న తేట సరస్సుల్లో డాఫ్నియా చేసే పని వేరు. దాని కంటికి అతినీలలోహితం కనపడుతుంది, పొద్దెక్కగానే కిందికి దిగిపోతుంది. రోహిణి కార్తెలో పదకొండు దాటాక తలుపులు వేసేసుకునే మా నెల్లూరు వీధి కూడా అంతే కదా! ఇక్కడివాళ్లేమో సరిగ్గా ఆ వేళకే సరస్సు ఒడ్డున తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకుంటారు. డాఫ్నియా తెలివి ఎవరికి ఉందో మీరే చెప్పండి.

ఎంత దాక్కున్నా కొంత దెబ్బ తగులుతుంది, డీఎన్ఏలో అతుకులు పడతాయి. వాటిని విప్పి సరిచేసే ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది పనిచేయడానికి కావలసింది మళ్లీ వెలుతురే. చలిలో మాత్రం దాని పని నెమ్మదిస్తుంది. మంచు నీళ్లలో బతికేవాటికి మరమ్మతును నమ్ముకోవడం కంటే ముందే గొడుగు వేసుకోవడం మేలు.

మా అమ్మ చిన్నప్పటి నుంచీ నా నెత్తిన గొడుగు పెట్టింది. చర్మం కాలుతుందని కాదు, నల్లబడతానని. దాని మీద ఆవిడతో ఎన్ని గొడవలు పడ్డానో! అక్కడ నలుపు వస్తుందని గొడుగిచ్చారు, ఇక్కడ నలుపు ఉందని ట్యూబు ఇవ్వలేదు. రెండు చోట్లా నా తోలు గురించి నాకంటే ముందు పక్కవాళ్లు తేల్చేశారు. తూకం వేస్తే మాత్రం, ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడే విసుక్కున్న ఆ గొడుగు వైపే నా మనసు మొగ్గుతోంది. కారణం తప్పైనా నీడ నిజమే కదా. ఇంటి మీద బెంగతో అంటున్నానేమో కూడా.

ఆదివారం ఫోనులో అమ్మకు ఇదంతా చెప్పాను. ట్యూబు సంగతి విని, "వాడికేం తెలుసు, నువ్వు కొనుక్కుని రాసుకో" అంది. చేప జాడ తగిలితే ఎర్రటి జీవులు పాలిపోతాయన్న చోట ఆగిపోయింది.

"చేపల దగ్గరుంటే రంగు తేలతాయా?"

"తేలతాయమ్మా."

"ఊరుకోవే. అదే నిజమైతే నెల్లూరులో మనందరం దొరసానుల్లా ఉండాలి."