క్రాష్ అయ్యే సాఫ్ట్‌వేర్, ఒక్కసారే వచ్చే పాట

నల్లగొండలో మా ఇంటి పై గదిలో నేను నడుపుకుంటున్న చిన్న రికార్డింగ్ ఏర్పాటుకు సినిమా పాటలు పాడేవారు పెద్దగా రారు. ఒగ్గు కథలు చెప్పేవారు, చెరువుగట్టు జాతరకు కీర్తనలు సిద్ధం చేసుకునే భజన మండళ్ళవారు, బతుకమ్మకు ముందు పాటలు నమోదు చేయించుకోవాలని వచ్చే ఆడవాళ్ళు, అప్పుడప్పుడు పాలమూరు వైపు నుంచి పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకొని వచ్చే పెద్దవాళ్ళు వస్తుంటారు. వీరి పాటల్లో చాలావాటికి రాతప్రతి లేదు. పాడేవారిలో ఎక్కువమంది వయసు మళ్ళినవారు. ఇవాళ పాడిన చరణం రేపు పాడేటప్పుడు మారుతుంది, ఒక్కోసారి ఆ చరణమే రాదు. కాబట్టి రికార్డింగ్ నడుస్తుండగా సాఫ్ట్‌వేర్ ఆగిపోవడాన్ని నేను ఒక చిన్న సాంకేతిక చికాకుగా చూడలేను. కొంతకాలంగా నేను వాడుతున్న రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒక అప్‌డేట్ తర్వాత తరచూ క్రాష్ అవుతోంది. దానితో వేగడంలో నేను తెలుసుకున్నవి, ఇక్కడి చిన్న స్టూడియోలవారికి పనికి వస్తాయన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా చెప్పాలి. పాట వినిపిస్తున్నప్పుడు చిటపటమనే శబ్దాలు రావడం, మధ్యమధ్య ధ్వని తెగిపోవడం ఒక సమస్య. సాఫ్ట్‌వేర్ మొత్తంగా మూసుకుపోవడం మరో సమస్య. చాలామంది రెండింటినీ కలిపి చెప్పి, రెండింటికీ ఒకే మందు వెతుకుతారు. చిటపటలకు సాధారణంగా బఫర్ సైజు, అంటే కంప్యూటర్ ఒక్క విడతలో తీసుకునే ధ్వని ముక్క పరిమాణం, కారణం. శాంపిల్ రేటు 48,000 ఉన్నప్పుడు, అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలుస్తున్నప్పుడు, 64 శాంపిళ్ళ బఫర్ అంటే కంప్యూటర్‌కు దొరికే వ్యవధి 1.3 మిల్లీసెకన్లు మాత్రమే. ఆ లోపల ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌కు అదనంగా జోడించుకునే పనిముట్ల) లెక్కలన్నీ పూర్తి కాకపోతే ధ్వని తెగుతుంది. అదే 1,024 పెడితే 21 మిల్లీసెకన్లు దొరుకుతాయి. గాయకులకు తమ గొంతు ఆలస్యంగా వినిపిస్తుందేమోనన్న భయంతో చాలామంది రికార్డింగులో బఫర్‌ను బాగా తగ్గించేస్తారు. మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ ఉంటే గొంతు కంప్యూటర్ దాకా వెళ్ళకుండానే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది కాబట్టి, 1,024 దగ్గర ఉంచినా పాడేవారికి ఏ తేడా తెలియదు. ఇది సరిచేసుకున్నాక కూడా సాఫ్ట్‌వేర్ మూసుకుపోతుంటే, అప్పుడు అది నిజమైన క్రాష్.

క్రాష్ ఎందుకు అవుతుందో అర్థం కావాలంటే ప్లగిన్లు ఎలా పనిచేస్తాయో కొంత తెలియాలి. స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో వీఎస్‌టీ పద్ధతిని తెచ్చినప్పటి నుంచి ఎవరో తయారు చేసిన రివర్బ్ (ప్రతిధ్వని కలిపేది), మరెవరో తయారు చేసిన కంప్రెసర్ (శబ్దపు హెచ్చుతగ్గులను సర్దేది) మన సాఫ్ట్‌వేర్ లోపలికి వచ్చి పనిచేస్తున్నాయి. మామూలు ఏర్పాటులో ఇవన్నీ ప్రధాన సాఫ్ట్‌వేర్‌కు కేటాయించిన మెమరీలోనే ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి తనది కాని చోట చేయి పెట్టినా ఆపరేటింగ్ సిస్టమ్ ఆ సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ మూసేస్తుంది. ఉమ్మడి ఇంట్లో ఒక గదికి నిప్పంటుకుంటే అందరినీ వీధిలోకి పంపినట్టు. తప్పు ప్లగిన్‌ది, నింద సాఫ్ట్‌వేర్‌కు. అందుకే కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్లగిన్లను విడి ప్రక్రియలుగా నడిపే వీలు కల్పించాయి. 2014లో వచ్చిన బిట్‌విగ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ రక్షణ ఉంది. రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఫలానా ప్లగిన్‌ను మాత్రమే విడిగా నడపమని చెప్పుకోవచ్చు. అప్పుడు ప్లగిన్ పడిపోయినా పాట ఉన్న ప్రాజెక్ట్ నిలబడే ఉంటుంది.

దోషి ఎవరో తెలుసుకోవడానికి విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే చోటు ఉంది. అందులో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ విభాగం తెరిస్తే, క్రాష్ అయిన సమయానికి ఎర్ర గుర్తుతో ఒక నమోదు కనిపిస్తుంది. దానిలో ‘ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్’ అన్న వరుస చూడాలి. అక్కడ ఒక ప్లగిన్ ఫైలు పేరు ఉంటే సగం పని అయినట్టే. ఎక్సెప్షన్ కోడ్ దగ్గర 0ఎక్స్‌సీ0000005 అని ఉంటే, తనది కాని మెమరీని ముట్టుకున్నదని అర్థం. అయితే విండోస్ సొంత ఫైలైన ‘ఎన్‌టీడీఎల్ఎల్’ పేరు కనిపించినంత మాత్రాన విండోస్‌నే తప్పుపట్టకూడదు. ఒక ప్లగిన్ ఎప్పుడో పాడుచేసిన జాగాను తర్వాత విండోస్ ముట్టుకున్నప్పుడు పేలడం కూడా జరుగుతుంది. అలాంటప్పుడు ప్లగిన్ల ఫోల్డర్‌లో సగం ఫైళ్ళను బయటికి తీసి పరీక్షించాలి. క్రాష్ ఆగితే దోషి బయటికి తీసిన సగంలో ఉంది, ఆగకపోతే మిగిలిన సగంలో ఉంది. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 64 ప్లగిన్లున్నా ఆరు విడతల్లో ఒక్కదాని దగ్గర తేలుతుంది. నా కంప్యూటర్‌లో ఇలాగే వెతకగా ఒక రివర్బ్ ప్లగిన్ దొరికింది. అప్‌డేట్ తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్‌తో దానికి పొసగడం లేదు.

దొంగ ప్లగిన్ల గురించి కూడా దాపరికం లేకుండా చెప్పాలి. క్రాక్ చేసినవి పెన్‌డ్రైవుల్లో చేతులు మారడం మన ఊళ్ళలో మామూలైపోయింది. రక్షణ తాళాన్ని విరగ్గొట్టడానికి ఎవరో ప్రోగ్రామ్ లోపల మార్చిన భాగాలు ఎక్కడ తిరగబడతాయో తయారుచేసినవారికీ తెలియదు, వాడేవారికీ తెలియదు; పైగా వాటితో వైరస్ కూడా రావచ్చు. అలాంటివి ఉన్న కంప్యూటర్‌లో క్రాష్‌కు కారణం వెతకడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్‌తో పాటు ఉచితంగా వచ్చే ఈక్వలైజర్, కంప్రెసర్ ఒక డప్పుకు, ఒక గొంతుకు చక్కగా సరిపోతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం, క్రాష్ అయిన తర్వాత పాటను దక్కించుకోవడం. ఒక కిన్నెర పెద్దాయన జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడుతున్నారు. వెదురు దండి మీద మెట్లను వేళ్ళు వెతుక్కుంటూ పోతుంటే కింద సొరబుర్రలు బరువుగా మోగుతున్నాయి. కథ సాయన్నను పట్టుకునే ఘట్టానికి వచ్చింది. సరిగ్గా అప్పుడు తెర తెల్లబడింది, మీటర్ దగ్గర ఆకుపచ్చ గీత ఉన్నచోటనే గడ్డకట్టింది, కాసేపటికి సాఫ్ట్‌వేర్ మాయమైంది. ఆయన నా ముఖం చూసి కిన్నెర దించి, “మల్ల మొదటికెల్లి పాడాల్నా బిడ్డా?” అని అడిగారు. ఆగినచోటు నుంచి అందుకోగలరేమోనని అడిగితే, “నడుమకెల్లి ఎత్తుకుంటే సుతి కుదరదు బిడ్డా” అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, అప్పటికి గొంతు కూడా అలసిపోయింది. “చాయ్ తాగు తాతా, ముందు ఉన్నది సూస్త” అని చెప్పి ఫోల్డర్ తెరిచాను.

సాఫ్ట్‌వేర్ పోయినంత మాత్రాన ధ్వని పోదు. రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ గొంతు డిస్కు మీదికి చేరుతూనే ఉంటుంది. వేవ్ ఫైలు మొదట్లో ఉండే హెడర్‌లో మాత్రం ధ్వని ఎంత పొడవో సరైన లెక్క సాధారణంగా రికార్డింగ్ ఆపినప్పుడే పడుతుంది. మధ్యలో క్రాష్ అయితే ఆ లెక్క సున్నాగానే మిగిలి, చాలా ప్లేయర్లలో ఫైలు ఖాళీగా కనిపిస్తుంది. చూడవలసింది ఫైలు పరిమాణం. 48,000 శాంపిల్ రేటు, 24 బిట్లు, మోనో అయితే నిమిషానికి 8.64 ఎంబీ చొప్పున పెరగాలి. ముప్పావు గంట పాడి ఉంటే 390 ఎంబీ దగ్గర ఉండాలి. ఆ రోజు ఫైలు నిడివి సున్నా చూపింది కాని, పరిమాణం ఆయన పాడిన సేపటికి సరిగ్గా సరిపోయింది.

అలాంటి ఫైలును తొందరపడి మళ్ళీ సాఫ్ట్‌వేర్‌తో తెరవకూడదు, ముందు ఒక నకలు తీసుకోవాలి. తర్వాత ఉచితంగా దొరికే ఆడాసిటీలో ‘ఇంపోర్ట్ రా డేటా’ ద్వారా తెరిచి, 24 బిట్ పీసీఎం, లిటిల్ ఎండియన్, ఒక ఛానెల్, 48,000 అని మనమే చెప్పాలి. అప్పుడు అది హెడర్ మాటను పట్టించుకోకుండా ఉన్న ధ్వనినంతా చదువుతుంది. ఒక్కోసారి గొంతుకు బదులు చెవులు పగిలే హోరు వస్తుంది కాబట్టి వాల్యూమ్ తగ్గించి వినాలి. ఆ హోరు విని ఫైలు పాడైపోయిందని వదిలేయకూడదు. 24 బిట్ల ధ్వనిలో ఒక్కో శాంపిల్‌కు మూడు బైట్లు. చదవడం ఒక బైటు అటూ ఇటూ మొదలైతే శాంపిళ్ళన్నీ తప్పిపోయి హోరు అవుతాయి. స్టార్ట్ ఆఫ్‌సెట్ దగ్గర 0, 1, 2 ఒకటొకటిగా పెట్టి చూస్తే మూడింటిలో ఏదో ఒకదానికి గొంతు వస్తుంది. మొదట్లో చిన్న టక్కు శబ్దం వినిపిస్తే అది హెడర్, దాన్ని కత్తిరించేయవచ్చు. పెద్దాయన చాయ్ తాగి పైకి వచ్చేసరికి ఆయన గొంతు స్పీకర్లలో పలుకుతోంది. చివరి కొన్ని క్షణాలు తప్ప అంతా దక్కింది. ఆ చివరి చరణాన్ని ఆయనే, శ్రుతి కోసం అంతకు ముందరి చరణంతో కలిపి, మళ్ళీ పాడారు.

అప్పటి నుంచి రికార్డింగును, మిక్సింగును పూర్తిగా వేరుచేశాను. పాడేవారు గదిలో ఉన్నంతసేపూ ఒక్క ప్లగిన్ కూడా లేని ఖాళీ ప్రాజెక్టులో, నిలకడగా పనిచేసే తేలికపాటి సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే నమోదు చేస్తాను. దానితో పాటు మైకు పక్కన ఒక చేతి రికార్డర్ విడిగా తిరుగుతూ ఉంటుంది. రాత్రంతా సాగే ఒగ్గు కథకు ఈ రికార్డర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 32 జీబీ వరకు ఉండే కార్డులు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. 24 బిట్లు, 48,000, స్టీరియో అయితే ఆ హద్దు 4 గంటల 8 నిమిషాలకు వస్తుంది. కొన్ని రికార్డర్లు అక్కడ తామే కొత్త ఫైలు మొదలుపెడతాయి, కొన్ని ఆగిపోతాయి. మీదగ్గర ఉన్నది ఏ రకమో కథకు వెళ్ళకముందే ఇంట్లో ఖాళీగా నడిపి చూసుకోవడం మంచిది.

మన ప్రాంతపు ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. శబ్దం పడకూడదని ఫ్యాను, ఏసీ ఆపేసి తలుపులు మూసుకుంటే గదితో పాటు ల్యాప్‌టాప్ కూడా వేడెక్కుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, దానితో ధ్వని తెగడం మొదలవుతుంది. ఎండాకాలంలో నేను తెల్లవారుజామునే రికార్డింగ్ పెట్టుకుంటాను, పల్లెల నుంచి వచ్చేవారికి కూడా ఆ వేళే అనుకూలంగా ఉంటుంది. కరెంటు విషయానికి వస్తే, ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాని, విడి అడాప్టర్ మీద నడిచే ఇంటర్‌ఫేస్‌కు లేదు. కాబట్టి ఇంటర్‌ఫేస్‌ను కూడా యూపీఎస్ మీదనే ఉంచాలి.

మిక్సింగ్‌కు మాత్రం క్రాష్ అవుతున్న ఆ మొదటి సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను, ఎందుకంటే అందులో గొంతును సవరించే పనిముట్లు నిజంగా బాగుంటాయి. ప్రాజెక్టును ఒకే పేరుతో పదేపదే సేవ్ చేయకుండా తేదీ చేర్చి కొత్త పేరుతో దాచుకుంటాను. సేవ్ అవుతున్నప్పుడే క్రాష్ అయితే ఆ ఒక్క ఫైలే పోతుంది, నిన్నటిది ఉంటుంది. బరువైన ప్లగిన్లున్న ట్రాకులను ఎప్పటికప్పుడు ఫ్రీజ్ చేస్తాను, అంటే ప్లగిన్ పని చేసిన ధ్వనిని తాత్కాలికంగా ఫైలుగా మార్చి ఉంచుతాను. పని ముగిశాక ఒక్కో ట్రాకును మొదటి నుంచి చివరిదాకా వేవ్ ఫైలుగా తీసి దాచిపెడతాను. ప్రాజెక్ట్ ఫైలు రేపు తెరుచుకోకపోయినా ఆ వేవ్ ఫైళ్ళను ఏ సాఫ్ట్‌వేర్‌లో వరుసగా పేర్చినా పాట తిరిగి వస్తుంది. చేతిలో ఉన్న పాట పూర్తయ్యేదాకా కొత్త అప్‌డేట్లను కూడా దగ్గరికి రానివ్వను. విండోస్‌లో వాటిని కొన్ని వారాల వరకు నిలిపి ఉంచవచ్చు.

ఆ రివర్బ్ ప్లగిన్ తయారీదారులకు ఫిర్యాదు రాశాను. ‘తరచూ క్రాష్ అవుతోంది’ అని మాత్రం రాస్తే వారు చేయగలిగింది ఏమీ ఉండదు. సాఫ్ట్‌వేర్, విండోస్, ప్లగిన్ వర్షన్లు, ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించిన వివరాలు, ఒక ఖాళీ ప్రాజెక్టులో ఏ మీట తర్వాత ఏది నొక్కితే క్రాష్ అవుతుందో వరుసగా రాసి, ఆ ప్రాజెక్టును కూడా జతచేశాను. తమ దగ్గర కూడా అదే విధంగా క్రాష్ అవుతోందని, సవరణ మీద పని చేస్తున్నామని జవాబు వచ్చింది. కొత్త వర్షన్ వచ్చాక ముందుగా ఒక పాత ప్రాజెక్ట్ నకలు మీద పెట్టి పరీక్షిస్తాను. అంతవరకు ఆ ప్లగిన్ ఫైలు ఫోల్డర్‌కు బయటే ఉంటుంది. దసరాకు ముందు వచ్చే బతుకమ్మ పాటలకు సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన రివర్బ్‌నే వాడుతున్నాను.