బాబాయి ఫోన్‌లో పచ్చగీత

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా అబ్బాయ్, నువ్వు కొనమన్న ఫోన్‌లో గీత పడిందిరా" అన్నాడు. గొంతులో కోపం లేదు. నేనేదో సెట్టింగ్ మార్చి బాగుచేస్తానన్న నమ్మకం ఉంది, నాకు ఎక్కువ బాధేసింది దానికే. పిన్ని ఫోన్ నుంచి వీడియో కాల్ చేసి చూపించమన్నాను. స్క్రీన్ మీద పైనుంచి కిందిదాకా, దారం లాగి కట్టినట్టు, సన్నటి ఆకుపచ్చ గీత. ముందురోజు రాత్రి అప్‌డేట్ వస్తే ఓకే నొక్కి పడుకున్నాడట, తెల్లారి లేచేసరికి ఇది. కిందపడలేదు, నీళ్లు తగల్లేదు, వేసిన కవర్ కూడా తీయలేదు. కొని 13 నెలలు. వారంటీ 12.

బాబాయిది రేపల్లె దగ్గర పల్లెటూరు, మండల పరిషత్ స్కూల్లో టీచరు. స్కూల్లో హాజరు ఆ ఫోన్‌లోనే ముఖం చూపించి వేయాలి, కాబట్టి అది ఇంట్లో పెట్టుకుని ఆడుకునే వస్తువు కాదు. గుంటూరులో సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు వెళ్లాడు, బస్సులో రానూపోనూ ఒక పూటంతా పోతుంది. అక్కడి అమ్మాయి స్క్రీన్ చూసీ చూడగానే "గ్రీన్ లైన్ సార్" అందట, అంటే వాళ్లకి రోజూ చూసేదే. డిస్‌ప్లే మార్చడానికి 9,400 అడిగారు. 22,999 పెట్టి కొన్న ఫోన్ అది. పై ఆఫీసుకి మెయిల్ పెట్టాం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేశాం, ఇంకా తేలలేదు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ ఫోన్ కొనమని బాబాయికి చెప్పింది నేను, నాకు చెప్పింది నాలుగు యూట్యూబ్ వీడియోలు.

ఆ రాత్రి కూర్చుని ఆ నాలుగూ మళ్లీ చూశాను. రెండు తెలుగువి, ఒకటి హిందీ, ఒకటి ఇంగ్లిష్. నాలుగూ ఒకే రోజు మధ్యాహ్నం 12 గంటలకి వచ్చినవి. నాలుగింటిలోనూ వరస ఒకటే, బాక్స్ విప్పడం, చేతిలో పట్టుకుంటే ఎంత బాగుందో చెప్పడం, ఎండలో డిస్‌ప్లే వెలుగు, రాత్రి తీసిన ఫోటోలు, ఎన్ని నిమిషాల్లో ఫుల్ ఛార్జ్ అవుతుందో. తడి చేత్తో కూడా టచ్ పనిచేస్తుందని చూపించడానికి మూడింటిలో స్క్రీన్ మీద నీళ్లు పోశారు. ముగ్గురికీ విడివిడిగా అదే ఆలోచన వచ్చిందంటే నేను నమ్మను. ఒక్క వీడియోలో మాత్రం మొదట్లో ఓ మూల "పెయిడ్ ప్రమోషన్ ఉంది" అని చిన్న అక్షరాలు పడ్డాయి, పది సెకన్లు ఉండి పోయాయి. మొదటిసారి చూసినప్పుడు అవి నా కంటికే ఆనలేదు. ఇంకో ఆయన చివర్లో ఫోన్ పంపినందుకు కంపెనీకి థాంక్స్ చెప్పాడు. మిగతా ఇద్దరి దగ్గర ఏమీ లేదు, కింద డిస్క్రిప్షన్‌లో కొనడానికి లింకులు తప్ప.

నాలుగు వీడియోల్లో కలిపి వెతికినా నాకు ఒక్క అబద్ధం దొరకలేదు. డిస్‌ప్లే నిజంగా బాగుంది, ఛార్జింగ్ నిజంగా స్పీడే. కానీ ఆ ఫోన్ తను ఎన్ని రోజులు వాడాడో ఒక్కడూ చెప్పలేదు. రేపు పాడైతే గుంటూరు దాకా పోవాలా, దగ్గర్లో అవుతుందా అనే ఊసే లేదు. అదే కంపెనీ పాత మోడళ్లలో అప్‌డేట్ తర్వాత గీతలు పడుతున్నాయని అప్పటికే కామెంట్లలో జనం మొత్తుకుంటున్నారు, నేను తర్వాత తేదీలు చూసి మరీ సరిచూసుకున్నాను. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. డబ్బు తీసుకున్న రివ్యూ అంటే లేని గొప్పలు చెప్పడం అనుకునేవాణ్ణి. చెప్పాల్సింది నోట్లోనే ఆపుకోవడం ఇంకా సులువని అప్పుడు అర్థమైంది, ఎందుకంటే దాన్ని పట్టుకుని ఎవరూ నిలదీయలేరు.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఫోన్ మార్కెట్లోకి రాకముందే కంపెనీ తనకి నచ్చిన ఛానళ్లకి రివ్యూ యూనిట్, అంటే వాడి చూసి చెప్పడానికి ఇచ్చే ఫోన్, పంపిస్తుంది. ఫలానా రోజు, ఫలానా గంట దాకా వీడియో పెట్టకూడదని షరతు ఉంటుంది, దాన్ని ఎంబార్గో అంటారు. అందుకే అన్నీ ఒకే నిమిషంలో ఊడిపడతాయి. ఆ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జనం ఎగబడి చూస్తారు. ఇప్పుడు సొంత డబ్బుతో కొని రివ్యూ చేద్దామనుకునేవాడి సంగతి ఆలోచించండి. అమ్మకాలు మొదలయ్యాక కొనాలి, డెలివరీ రావాలి, నాలుగు రోజులైనా వాడాలి. వాడి వీడియో వచ్చేసరికి అందరూ చూసేసి ఉంటారు. నిజాయితీగా చేసినవాడికి ఖర్చు ఎక్కువ, వ్యూస్ తక్కువ. అలా చేసేవాళ్లు తెలుగులో కూడా ఉన్నారు, వాళ్లంటే నాకు చాలా గౌరవం.

డబ్బు చేతులు మారకపోయినా ఒత్తిడి ఉంటుంది. 2020 డిసెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా ఏం చేసిందో కంప్యూటర్ గేమింగ్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆస్ట్రేలియాకి చెందిన హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ అనే ఛానల్ తమ గ్రాఫిక్స్ కార్డుల రివ్యూల్లో గేముల్లో వెలుగునీడలు నిజంలా కనిపించేలా చేసే రే ట్రేసింగ్ అనే ఫీచర్‌కి తగినంత ప్రాధాన్యం ఇవ్వడం లేదని, ఇకపై తమ ఫౌండర్స్ ఎడిషన్ కార్డులు రివ్యూకి పంపబోమని ఎన్విడియా దానికి మెయిల్ పెట్టింది. మీ దారి మారితే మళ్లీ చూద్దాం అన్నట్టుగా రాసింది. ఆ ఛానల్ దాన్ని బయటపెట్టింది, మిగతా రివ్యూయర్లు కూడా గట్టిగా నిలబడ్డారు, కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. అంత పేరున్న ఛానల్ కాబట్టి సరిపోయింది. యాభై వేల మంది సబ్‌స్క్రైబర్లున్న తెలుగు కుర్రాడికి అలాంటి మెయిల్ వస్తే ఎవరికి చెప్పుకుంటాడు? అసలు మెయిల్ కూడా రాదు, తర్వాతి ఫోన్ రావడం ఆగిపోతుంది, అంతే.

2024 ఆగస్టులో గూగుల్ ఫోన్ పిక్సెల్ 9 వచ్చినప్పుడు ఇంకోటి బయటపడింది. టీమ్ పిక్సెల్ అని ఇన్‌ఫ్లుయెన్సర్లకి ఫోన్లు ఇచ్చే గూగుల్ ప్రోగ్రామ్ ఒకటుంది. పోటీ కంపెనీల ఫోన్ల బదులు పిక్సెల్‌నే చూపించాలని, వేరే బ్రాండ్లని ఎక్కువ ఇష్టపడుతున్నట్టు కనిపిస్తే సంబంధం తెంచుకోవాల్సి వస్తుందని దాని ఫారంలో రాసి ఉంది. గొడవయ్యాక ఆ మాటలు అలా రాయడం సరికాదని గూగుల్ ఒప్పుకుని తీసేసింది, ఇది పత్రికలకీ రివ్యూయర్లకీ ఫోన్లు పంపే పద్ధతికి సంబంధం లేని వేరే ప్రోగ్రామ్ అని కూడా చెప్పింది. కావచ్చు. కానీ వీడియో చూసే మా బాబాయికి ఇతను రివ్యూయరా, ఇన్‌ఫ్లుయెన్సరా అని ఎలా తెలుస్తుంది? ఇద్దరూ అదే టేబుల్, అదే లైటు, అదే మాట.

ఫోన్ ముట్టుకోకుండానే పొగిడినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో గూగుల్ పిక్సెల్ 4కి రేడియో ప్రకటనలు ఇచ్చింది. ఐహార్ట్‌మీడియా రేడియో యాంకర్లు అది తమ సొంత ఫోనే అన్నట్టు, రాత్రిపూట ఫోటోలు ఎంత బాగా వస్తున్నాయో సొంత అనుభవంలా చెప్పారు. తీరా చూస్తే వాళ్లలో చాలామందికి ఆ ఫోనే ఇవ్వలేదు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఏడు రాష్ట్రాలు కలిసి కేసు పెడితే 2022 నవంబర్‌లో 94 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. అలాంటి ప్రకటనలు దాదాపు 29 వేల సార్లు ప్రసారమయ్యాయి. "నేను వాడుతున్నాను" అనే మాటకి ఎంత బలం ఉందో కంపెనీలకి మనకంటే బాగా తెలుసు.

రివ్యూయర్ నిజాయితీపరుడైనా ఒక్కోసారి వాడి చేతికొచ్చిన ఫోనే సరైంది కాకపోవచ్చు. 2017లో వన్‌ప్లస్ 5 రివ్యూ యూనిట్లు, ఫోన్ స్పీడు కొలిచే బెంచ్‌మార్క్ యాప్ తెరవగానే గుర్తుపట్టి మార్కులు ఎక్కువ వచ్చేలా నడుచుకుంటున్నాయని ఎక్స్‌డీఏ డెవలపర్స్ అనే వెబ్‌సైట్ బయటపెట్టింది. ఆ నంబర్లు చదివి వినిపించిన రివ్యూయర్ల తప్పేముంది అందులో? ఆ ఫోన్ షాపులో కొనుక్కున్నది అయ్యుంటే బాగుండేది అని మాత్రం అనిపిస్తుంది.

మన దేశంలో రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, అదే ఆస్కి, ఇన్‌ఫ్లుయెన్సర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపు ప్రకటనల మీద నిబంధనలు తెచ్చింది, మొదటి తప్పుకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా, ప్రచారం చేసినవాళ్లని ఏడాది పాటు, ఆ తర్వాత మూడేళ్ల దాకా నిషేధించే అధికారం కూడా ఉంది. 2023 జనవరిలో వినియోగదారుల శాఖ ప్రత్యేకంగా సెలబ్రిటీల కోసం, ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ఇంకో పత్రం విడుదల చేసింది. డబ్బే కాదు, ఉచితంగా ఇచ్చిన వస్తువు, ట్రిప్పు, హోటల్ బస, ఏదైనా సరే చెప్పి తీరాలి, అది కూడా సరళంగా, స్పష్టంగా, చూసేవాళ్ల కంటపడేలా. మరి తెలుగు వీడియోల్లో ఏం కనిపిస్తోంది? మూలన ఇంగ్లిష్‌లో "కొలాబ్" అని ఒక ముక్క, అంటే కంపెనీతో కలిసి చేసిందని. మా పిన్నికి ఆ మాటకి అర్థం తెలియదు. "ఈ వీడియోకి కంపెనీ నాకు డబ్బులిచ్చింది" అని తెలుగులో, నోటితో, మొదట్లోనే చెప్పడానికి ఐదు సెకన్లు కూడా పట్టదు. అలా చెప్పేవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

తెలుగువాళ్లం ఇదే నిర్లక్ష్యానికి ఇంకా పెద్ద మూల్యం చెల్లించాం. బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద 2025 మార్చిలో హైదరాబాద్‌లో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు కేసులు పెట్టేదాకా, మన ఇంట్లో పిల్లలు రోజూ చూసే ముఖాలే ఆ యాప్‌ల లింకులు పంచుతున్నాయని చాలామంది పెద్దవాళ్లకి తెలియదు. ఫోన్‌లో గీత పడటానికీ బెట్టింగ్‌లో ఇల్లు గుల్ల కావడానికీ పోలిక లేదు, ఒప్పుకుంటాను. నమ్మకాన్ని అద్దెకివ్వడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

అయినా స్పాన్సర్‌షిప్ తీసుకోవడమే తప్పు అని నేను అనను. కెమెరా, లైట్లు, ఎడిటర్ జీతం, వీటికి డబ్బు ఎక్కడినుంచో రావాలి, ఒక్క యూట్యూబ్ యాడ్స్ మీద ఛానల్ నడపడం చాలామందికి కుదరదు. ఫోన్‌తో సంబంధం లేని ఏ వీపీఎన్ యాప్ కంపెనీ దగ్గరో డబ్బు తీసుకుని, వీడియో మధ్యలో ఇది యాడ్ అని చెప్పి ఒక నిమిషం మాట్లాడి, మళ్లీ ఫోన్ గురించి ఉన్నదున్నట్టు చెప్పేవాడితో నాకు పేచీ లేదు. ఏ ఫోన్ గురించి చెబుతున్నాడో ఆ ఫోన్ కంపెనీ డబ్బే తీసుకుని దానికి రివ్యూ అని పేరు పెడితేనే నాకు ఒళ్లు మండుతుంది. దాన్ని యాడ్ అనండి, నేనే చూస్తాను.

గత నెల బాబాయి ఫోన్ పట్టుకుని హైదరాబాద్‌లో అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్లాను, బయట తక్కువకి అవుతుందేమోనని. మెట్ల కింద చిన్న షాపు, ఇద్దరు మనుషులు కూర్చుంటే మూడోవాడికి చోటు లేదు. ఆయన భూతద్దం నుదుటి మీదకి జరిపి, గీత చూసి, బల్ల కింది నుంచి ఒక అట్టపెట్టె తీశాడు. అందులో పాత డిస్‌ప్లేలు, పాలిథిన్‌లో చుట్టి, పలకల్లా నిలబెట్టి ఉన్నాయి. "ఇవన్నీ గీతలవే అన్నా, పగిలినవి వేరే పెట్టెలో ఉన్నాయి" అన్నాడు. ఏ మోడల్ ఎక్కువ వస్తుంది, ఏ కంపెనీ స్పేర్లు దొరకవు, ఏ ఫోన్ వెనకాల గ్లాస్ విప్పితే మళ్లీ సరిగ్గా అతకదు, అడిగినవన్నీ చెప్పాడు. పావుగంట. నా వెనక ఇంకో ఇద్దరు నిలబడి వింటున్నారు. ఒరిజినల్ డిస్‌ప్లే తన దగ్గర లేదని, డూప్లికేట్ వేస్తే వేలిముద్ర పనిచేయదని చెప్పి మా ఫోన్ మాకే తిరిగిచ్చాడు, ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ అడిగితే కొత్త మోడల్ రివ్యూ చూడటం మానేశాను, అదే సిరీస్‌లో ఏడాది పాతది ఎలా ఉందో వెతుకుతున్నాను. ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత అని చేసిన వీడియోలు తక్కువే, వ్యూస్ కూడా తక్కువే, కానీ బ్యాటరీ ఎంత తగ్గింది, అప్‌డేట్ ఏం పాడుచేసింది వాటిలోనే ఉంటుంది. మీకు నచ్చిన ఛానల్ ఉంటే దాని కింద వెళ్లి అడగండి, పోయినేడు మీరు సూపర్ అన్న ఫోన్ ఇప్పుడెలా ఉందో చూపించమని. నేను ఆ నలుగురినీ అడిగాను. ఒకతను జవాబిచ్చాడు, ఆ యూనిట్ కంపెనీకి వెనక్కి ఇచ్చేశాను బ్రదర్ అని.

మొన్న రాత్రి బాబాయి వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. పిన్నికి సంక్రాంతికి ఫోన్ కొనాలట. లింకు కింద, "ఇతను డబ్బులు తీసుకుని చెబుతున్నాడా, మామూలుగా చెబుతున్నాడా, చూసి చెప్పు నాన్నా" అని రాశాడు. తెరిచి చూశాను. మూలన లేబుల్ ఏమీ లేదు. నోటితోనూ చెప్పలేదు. స్క్రీన్ మీద నీళ్లు మాత్రం పోశాడు.