జామీను సంతకం

"చెక్కు కేసులో ఎవడు పట్టుకెళ్తాడురా, అది సివిల్ మేటరు" అని మా మామయ్య ఎప్పుడూ అనేవాడు. ఆయనొక్కడే ఏంటి, మన వైపు వ్యాపారం చేసేవాళ్ళలో చాలామందిది ఇదే ధీమా. నిజానికి చెక్కు బౌన్స్ క్రిమినల్ కేసే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోకి 138 సెక్షన్ తెచ్చి 1989 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్నారు. రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. కాకపోతే బెయిలబుల్, అంటే బెయిల్ ఇవ్వాల్సిందే, అందులో ఎవరి దయా ఉండదు. అంత తేలిక కేసులో మామయ్య వెళ్ళి జైల్లో ఎందుకు పడుకోవాల్సొచ్చిందంటే, హైదరాబాదులో ఆయనకి జామీను, అంటే వాయిదాలకి వస్తాడని పూచీ సంతకం, పెట్టే ఇద్దరు మనుషులు మాకు దొరకలేదు. ఇంత పెద్ద బలగం ఉండి!

మామయ్యది గుంటూరు జిల్లాలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. మిర్చి రైతులకు సీజనంతా అరువిస్తాడు, యార్డులో కాయ అమ్ముడుపోయాక వసూలు చేసుకుంటాడు. ఆయనకేమో పైన డిస్ట్రిబ్యూటరు అరువిస్తాడు, సెక్యూరిటీ కింద సంతకాలు పెట్టిన ఖాళీ చెక్కులు తీసి పెట్టుకుంటాడు. ఈ లైన్లో ఉన్నవాళ్ళకి ఇదేం వింత కాదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చిని ఊడ్చిపెట్టేసింది కదా, ఆ ఏడు రైతుల దగ్గర్నుంచి రూపాయి రాలేదు, ఈయన పైవాడికి కట్టలేదు, వాళ్ళు ఖాళీ చెక్కు నింపి హైదరాబాదులో తమ బ్యాంకులో వేశారు. 2015లో చట్టం మార్చాక చెక్కు తీసుకున్నవాడి ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ ఊళ్ళోనే కేసు నడుస్తుంది. కాబట్టి బాకీ గుంటూరు జిల్లాలో, కేసు హైదరాబాదులో. మధ్యలో రాష్ట్రం కూడా మారిపోయింది.

లాయర్ నోటీసు వచ్చిన మాట వాస్తవమే. దాన్ని మామయ్య గోడ మీది క్యాలెండరు వెనక దోపాడు. ఆ తర్వాత కోర్టు సమన్లు పాత కొట్టు అడ్రసుకి వెళ్ళాయి, అది అప్పటికే ఖాళీ చేశాం, డోర్ లాక్ అని తిరిగి వెళ్ళాయి. వాయిదాలకి మనిషి రాకపోతే కోర్టు ఎన్నాళ్ళు చూస్తుంది, నాన్ బెయిలబుల్ వారెంట్ ఇచ్చింది. ఎన్‌బీడబ్ల్యూ అంటారు. ఇక్కడే అందరూ తికమక పడేది, నేరం బెయిలబులే, వారెంట్ మాత్రం నాన్ బెయిలబుల్. కోర్టు రద్దు చేసేదాకా, లేదా మనిషిని పట్టుకొచ్చేదాకా అది బతికే ఉంటుంది, ఏళ్ళు గడిచినా సరే.

ఒక శుక్రవారం తెల్లారుజామున మఫ్టీలో ఇద్దరు, అద్దె కారులో వచ్చారు. అరుపులూ కేకలూ ఏమీ లేవట. "లుంగీ మార్చుకుని ప్యాంటు వేసుకోండి సార్, సంతకం పెట్టి వచ్చేయొచ్చు" అన్నారట. స్నానం చేసొస్తానంటే టైం లేదన్నారు. అత్తయ్య బీపీ బిళ్ళలు ఒక కవర్లో వేసి చొక్కా జేబులో కుక్కింది. నాకు ఫోన్ చేసింది మాత్రం ఆ వచ్చిన కానిస్టేబులే, చాలా మర్యాదగా, "మీ మామయ్యగారిని ఎన్‌బీడబ్ల్యూలో తీసుకొస్తున్నాం, లాయర్ని మాట్లాడుకుని కోర్టు దగ్గరికి రండి" అని. నార్కట్‌పల్లి దగ్గర ఆగి అందరూ టిఫిన్ చేశారు. బిల్లు మామయ్యే కట్టాడు, కారు డీజిల్ కూడా. అరెస్టయినవాడే అరెస్టు ఖర్చు పెట్టుకోవడం ఏ సెక్షనో నాకింకా ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి తర్వాత లాయర్ గారు చెప్పారు. వేరే ఊళ్ళో వారెంట్ మీద మనిషిని పట్టుకుంటే, వారెంట్ ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు లేకపోతే, ముందు అక్కడి మేజిస్ట్రేట్ దగ్గరో పోలీసు అధికారి దగ్గరో హాజరుపరచాలి, నేరం బెయిలబుల్ అయి మనిషి జామీను ఇస్తానంటే అక్కడే తీసుకుని వదలాలి. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత సీఆర్‌పీసీలో ఉంది, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. మా ఊళ్ళో అయితే మామయ్యకి జామీను ఉండడానికి వీధి వీధంతా వచ్చేది. తెల్లారుజామున లుంగీలో ఉన్న మనిషికి ఇవన్నీ ఎవరు చెప్తారు?

మధ్యాహ్నం భోజనాల తర్వాత కోర్టులో పెట్టారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరు పదివేలకి, లోకల్ వాళ్ళయి ఉండాలి. ఆ ఇరవై వేలేవో నగదు కట్టేస్తాం మనిషిని వదలండి అని మా లాయర్ గారు అడిగి చూశారు. అలా తీసుకునే వీలు చట్టంలో ఉంది, కానీ అది జడ్జి గారి ఇష్టం, ఆయన ఒప్పుకోలేదు. సాయంత్రం నాలుగైంది, శని, ఆదివారాలు ఎలాగూ ఉన్నాయి, రిమాండ్ రాశారు.

లాయర్ గారి గుమాస్తా వచ్చి ఒంటిమీద బంగారం, వాచీ అన్నీ తీసి ఇచ్చేయమన్నాడు. వాచీ వచ్చింది. ఉంగరం రాలేదు, ఏళ్ళ తరబడి వేలికి పట్టేసి ఉంది. కోర్టు వరండాలో ఎస్కార్ట్ కానిస్టేబులు, నేను, మామయ్య ముగ్గురం కలిసి శానిటైజరు రాసి తిప్పి తిప్పి లాగితే చర్మం గీసుకుని వచ్చింది. పగడం ఉంగరం అది. కోర్టు గొడవలు దగ్గరికి రాకుండా ఉంటాయని జ్యోతిష్కుడు చెప్పి పెట్టించాడు. దాన్ని నా జేబులో వేసుకుంటుంటే మామయ్యకి నవ్వొచ్చింది, నాకు రాలేదు.

అప్పట్నుంచి మొదలైంది నా ఫోన్ల బాగోతం. నాది మియాపూర్‌లో అద్దె ఫ్లాటు, ప్రైవేటు ఉద్యోగం, నేను పనికిరాను అన్నారు. సొంతిల్లు ఉండి ఇంటి పన్ను రసీదు చూపించగలిగినవాళ్ళు, లేదా గవర్నమెంటు ఉద్యోగులు జీతం స్లిప్పుతో కావాలి. ఇందులో కష్టం ఏముంది, కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మా వాళ్ళ ఇళ్ళే కదా, పెళ్ళి కార్డులు పంచడానికి వెళ్తే ఒక రోజు చాలదు అనుకున్నా. బాబాయ్ ఒకాయన, రెండిళ్ళున్న మనిషి, "దస్తావేజులు బ్యాంకులో ఉన్నాయిరా" అన్నాడు. దస్తావేజులు అక్కర్లేదు బాబాయ్, పన్ను రసీదు చాలు అంటే "అదీ పిన్ని పేరు మీద ఉంది" అన్నాడు. పిన్నికివ్వు అంటే ఫోన్ కట్టయింది. ఇంకొకావిడ, మా అల్లుడు గారికి తెలిస్తే బాగోదు నాన్నా అంది. గవర్నమెంటు ఉద్యోగం చేసే అన్నయ్య ఒకడు డిపార్ట్‌మెంటు పర్మిషన్ తీసుకోవాలన్నాడు, ఉందో లేదో తెలీదు అలాంటి పర్మిషన్. అందరూ ముందు "అయ్యో" అన్నారు, తర్వాత "లాయర్ ఫీజుకి ఏమైనా సర్దనా" అని అడిగారు. నిజంగానే ఇద్దరు గూగుల్ పే కూడా చేశారు! డబ్బు ఇవ్వడానికి ఎవరూ వెనకాడలేదు, సంతకం అనేసరికి మాత్రం అందరికీ చలిజ్వరం వచ్చినట్టయింది.

కోపం తగ్గాక ఆలోచిస్తే వాళ్ళ భయం నాకు అర్థమైంది. మా తాతయ్య తమ్ముడొకాయన సొసైటీ లోనుకి ఎవరికో హామీ సంతకం పెట్టి ఎకరంన్నర పోగొట్టుకున్నాడు. మా ఇళ్ళలో పిల్లలకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ కథ చెప్తారు. కోర్టు జామీను అన్నా వాళ్ళకి అదే గుర్తొస్తుంది, ఇల్లు పోతుందని.

శనివారం గుమాస్తా ఇంకో దారి చెప్పాడు. కోర్టు బయట టీ కొట్టు దగ్గర మనుషులు ఉంటారట, ఇంత అని ఇస్తే రసీదు, ఆధార్ పట్టుకుని వచ్చి నిలబడతారట. లాయర్ గారు వినగానే గుమాస్తాని కసిరారు. ఆ రసీదు దొంగదైతే ఇప్పుడున్న కేసు పక్కన ఇంకో కేసు, అందులో నువ్వు కూడా ఉంటావు అన్నారు నాతో. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్లో జామీనుల మీద తీర్పులు చదువుతూ కూర్చున్నా, అప్పుడు దొరికింది మోతీరామ్ కేసు. 1978. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టు బెయిలిస్తే కింద మేజిస్ట్రేటు పదివేలకి జామీను కావాలన్నాడు, అన్న వస్తే నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది పొమ్మన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్‌కి ఒళ్ళు మండింది. ఒక మలయాళీనో కన్నడిగుడినో తమిళుడినో తెలుగువాడినో బస్తర్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో, చాందినీ చౌక్‌లో పట్టుకుంటే అక్కడ ఆస్తులున్న జామీనుదారుల్ని ఎక్కడినుంచి తెస్తాడు అని తీర్పులో అడిగారు. చివరికి ఆ మేస్త్రీని వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. తెలుగువాడు పోర్ట్ బ్లెయిర్‌లో ఇరుక్కుంటే ఏం చేస్తాడని ఆయన బాధపడ్డారు. ఇక్కడ తెలుగువాడు హైదరాబాదులో ఇరుక్కున్నాడు, ఆ తీర్పొచ్చి నలభై ఏళ్ళు దాటాక, ఇంకా అదే లోకల్ జామీను.

ఆదివారం ఒకరు కుదిరారు. మామయ్య చిన్నప్పటి క్లాస్‌మేట్, వనస్థలిపురంలో ఇల్లు. నా చేత పదివేలకి ప్రాంసరీ నోటు రాయించుకుని మరీ ఒప్పుకున్నాడు. నేను తప్పు పట్టను, ఆయన లెక్క ఆయనది. రెండో ఆవిడ మా ఆఫీసులో నా పక్క సీటు అతని భార్య, జిల్లా పరిషత్ స్కూల్లో టీచరు. నన్ను అంతకు ముందు ఒక్కసారే చూసింది. ఆవిడ లాయర్ గారికి తనే ఫోన్ చేసి అడిగింది, "ఆయన వాయిదాకి రాకుండా పారిపోతే నాకేమవుతుంది సార్?" అని.

"ముందు మీకు నోటీసు వస్తుంది మేడం. మహా అయితే పదివేలు కట్టాలి."

"ఇల్లు, ఉద్యోగం?"

"పదివేలు మేడం. బాండు ఎంతకి రాస్తే అంతే."

"సరే, సోమవారం హాఫ్ డే సీఎల్ పెడతాను" అంది.

అంతమందికి ఫోన్ చేశాను కదా, ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నాకూ తట్టలేదు, తట్టి ఉంటే శుక్రవారం రాత్రే అందరికీ ముందు ఈ ముక్కే చెప్పేవాణ్ణి.

సోమవారం ఇద్దరూ వచ్చారు. బాండ్లు రాశారు, ఆధార్ జిరాక్సులు, ఫొటోలు, జడ్జి గారి ముందు నిలబడి అవును అనడం, అన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. రిలీజ్ ఆర్డరు జైలుకి వేళకి చేరకపోతే ఆ రాత్రికి లోపలే. చేరలేదు. జైళ్ళతో నాకు అప్పటిదాకా ఉన్న సంబంధం చంచల్‌గూడలో ఖైదీలు నడిపే బంకులో పెట్రోల్ కొట్టించుకోవడం వరకే. మా ఫ్రెండొకడైతే సంగారెడ్డి పాత జైలుకి సరదాగా వెళ్దామని ఎప్పుడూ అనేవాడు. 1796లో కట్టిన జైలు అది, మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలా ఉండొచ్చని పథకం పెట్టారు. మంగళవారం పొద్దున జైలు గేటు బయట నిలబడితే వాడి మాట గుర్తొచ్చి వాడి మీద ఎక్కడలేని చిరాకు వచ్చింది.

మామయ్య బయటికొచ్చాక తన గురించి ఏమీ చెప్పలేదు. తిండి పర్లేదు, దోమలు అన్నాడు, అంతే. దారి పొడుగునా పక్కన పడుకున్న కుర్రాడి గురించే. ఒడిశా నుంచి ఇటుకల పనికి వచ్చాడట, ఫోన్ దొంగతనం కేసు, బెయిల్ ఎప్పుడో వచ్చింది, జామీను ఇచ్చేవాళ్ళు లేక లోపలే ఉన్నాడు. 2022 చివర్లో తీసిన లెక్క ప్రకారం మన దేశం జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతులు విచారణ ఖైదీలే, శిక్ష పడినవాళ్ళు కాదు. బెయిల్ వచ్చి వారం గడిచినా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలని, నెలలోపు జామీను ఇవ్వలేకపోతే షరతులు సడలించడం గురించి కోర్టు ఆలోచించాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుర్రాడికి ఈ సంగతి తెలిసే వీలే లేదు. మామయ్య పోరు పడలేక నేను లాయర్ గారికి చెప్తే, ఆయన ఆ సంస్థకి ఒక కాగితం రాసి పంపారు.

మామయ్య కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది, వాయిదాల్లో కట్టేట్టు. అప్పటిదాకా ప్రతి వాయిదాకి ముందురోజు టీచర్ మేడం నాకు ఫోన్ చేసేది, "మీ మామయ్యగారు బస్సెక్కారా?" అని. ఎక్కాడని చెప్తే, టికెట్ ఫొటో పెట్టమనేది.

ఇప్పుడు ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు కొట్టి వెతకడం నాకొక అలవాటైపోయింది, జిల్లా, కోర్టు ఎంచుకుంటే ఎవరి మీద ఏ కేసుందో, వాయిదా ఎప్పుడో చూపిస్తుంది. మా వాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే కొట్టి చూశా. మా పెదనాన్న పేరు మీద ఒకటి ఉంది, చెక్కు కేసే, స్టేజి దగ్గర ఎన్‌బీడబ్ల్యూ అని ఉంది. కంగారుగా ఫోన్ చేసి, పెదనాన్నా, పోలీసులు రాకముందే మీ అంతట మీరు వెళ్ళి వారెంట్ రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేసుకుంటే తేలిగ్గా పోతుంది అని చెప్పా. "తెలుసురా, మనల్ని ఎవడు పట్టుకెళ్తాడు" అన్నాడు. లాయర్ గారి నంబరు వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, ఫోన్ మాత్రం చేయలేదట.