తోక గీత ఉన్న నాలుగు ఫైళ్లు

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రాత్రి పది దాటాక లినక్స్.

కొట్లలో బిల్లింగ్‌కి చిన్న కంప్యూటర్లు పెడుతుంటాను. అన్నిటికీ ఒకే ఇమేజ్, అంటే సిస్టమ్ మొత్తాన్నీ ఒక్క ఫైల్లో పెట్టిన అచ్చు. మొన్న ఒకే స్క్రిప్టుతో దాన్ని రెండుసార్లు బిల్డ్ చేస్తే (తయారుచేస్తే) చెక్‌సమ్‌లు, అంటే ఫైలు వేలిముద్రల్లాంటి సంఖ్యలు, కలవలేదు. ఫైళ్ల తేదీలు ముందే బిగించాను, అయినా తేడా! విప్పి పోల్చితే సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలో దొరికింది దొంగ: పాస్‌వర్డుల వివరాలుండే షాడో ఫైలు పేరే, చివర చిన్న అడ్డగీతతో.

ఖాతాలు చేర్చే యూజర్‌యాడ్, తీసేసే యూజర్‌డెల్ లాంటి కమాండ్లు ఖాతాల ఫైళ్లు మార్చే ముందు పాత కాపీని ఇలా గీత తగిలించి దాస్తాయి. పాస్‌డబ్ల్యూడీ, షాడో, గ్రూప్, జీషాడో, నాలుగింటికీ అంతే. పరీక్షకి పెట్టుకున్న ఖాతాను స్క్రిప్టు చివర్లో తీసేశాను కదా, అసలైన ఫైల్లో అది లేదు. కాపీలో మాత్రం పాస్‌వర్డ్ హ్యాష్‌తో (పాస్‌వర్డును గుర్తుపట్టకుండా మార్చిన రూపం) సహా దర్జాగా కూర్చుంది. హ్యాష్‌లో కలిసే సాల్ట్ (ఇష్టమొచ్చినట్టు ఎంచిన కొన్ని అక్షరాలు) ప్రతిసారీ కొత్తది, అందుకే ఆ వరుస బిల్డ్ బిల్డ్‌కీ మారుతోంది. చెక్‌సమ్ సంగతి అలా ఉంచండి, కొట్టు కొట్టుకీ నా హ్యాష్ పంచిపెడుతున్నానన్నమాట!

లాగిన్‌కి ఆ కాపీలతో పని లేదు. నడిచే మెషీన్లో చెయ్యి జారితే పనికొస్తాయి, ఉండనీ. ఇమేజ్‌లో ఎందుకు? ఫైళ్లు చెరిపే ఆర్ఎం కమాండ్‌తో ఒక్క వరుస చాలు. మొదట దాన్ని యూజర్‌డెల్‌కి పైన పెట్టాను. ఆ కమాండే కాపీలను మళ్లీ పుట్టించింది. ఇప్పుడు అట్టడుగున ఉంది. గీత మర్చిపోతే అసలు షాడోయే పోతుంది, అందుకే ఎంటర్ కొట్టేముందు రెండుసార్లు చదివాను.

చెక్‌సమ్‌లు కలిసేసరికి పన్నెండున్నర. అమ్మ లేచి, "ఇంకా పడుకోలేదేట్రా?" అంది.