ఊరేగింపుకు ముందు జరిగే పని

ఒంగోలులోని మన పాఠశాల వార్షికోత్సవాల వేషాల ఊరేగింపును గురించి రాయమని మిత్రులు కోరారు. ట్రంకు రోడ్డు మీద మనం నడిచిన సాయంత్రాలను చాలామంది రాస్తారు కనుక, అంతకు ముందు వారాల తరబడి క్రాఫ్టు గదిలో సాగిన పనిని గురించి నేను రాస్తాను.

ఆ రోజుల్లో వేషాలన్నీ మన జిల్లా నుంచే పుట్టేవి. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు తుపాకులకు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి వేషం పెద్ద తరగతుల వారిది. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులోని ఎర్రన వేషం తెలుగు పద్యం చక్కగా చదవగలిగిన వారికే దక్కేది. మా తరగతికి ఒంగోలు గిత్త వచ్చింది. వెదురు బద్దలను వంచి చట్రం కట్టి, పాత పత్రికలను చింతగింజల పిండి జిగురుతో పొరలు పొరలుగా అతికించి, అవి ఎండిన తరువాత సున్నం పూసేవాళ్ళం. గంగడోలు వేలాడకపోయినా, మూపురం ఒరిగినా మన డ్రాయింగు మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "మీ ఊళ్ళో గిత్తను ఒక్కసారైనా నిలబడి చూశారట్రా?" అని మందలించి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలను రైతుల కొట్టాల దగ్గరికి పంపేవారు. తెల్లని ఒంటి మీద మెడ, మూపురం దగ్గర మాత్రం ముదురు బూడిద ఛాయ ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే.

ఈ శ్రద్ధ మన ఊరికి కొత్తది కాదు. దసరా రోజుల్లో కాళికాదేవి, నరసింహస్వామి మొదలైన దేవతల పెద్ద ముఖాకృతులతో, డప్పుల దరువుకు అడుగులు వేస్తూ సాగే కళారాల ఊరేగింపును చూస్తూ పెరిగిన పిల్లలు మా తరగతిలో ఉండేవారు; రంగు ఎక్కడ చిక్కగా పడాలో, దీపాల వెలుగులో కన్ను ఎట్లా కనిపించాలో వాళ్ళకు ఎవరూ చెప్పవలసిన పని ఉండేది కాదు.

తరువాత ఉద్యోగం నన్ను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌కు తీసుకుపోయింది. క్రైస్తవుల ఉపవాస దినాలు విభూది బుధవారంతో మొదలవుతాయి. దానికి ముందు రోజైన మంగళవారం అక్కడ మార్డి గ్రా అనే వేషాల, ఊరేగింపుల పండుగ. ఊరేగింపులను నడిపే సంఘాలను క్రూలు అంటారు. 1872లో ఏర్పడిన రెక్స్ సంఘం వల్ల ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగులు ఆ పండుగకు గుర్తులయ్యాయి. శకటాల మీది నుంచి పూసల దండలు విసరడాన్నే లోకమంతా చూస్తుంది గానీ, నన్ను కట్టిపడేసినవారు, అమెరికా ఆదివాసుల తరహా వేషాలు కట్టడం వల్ల మార్డి గ్రా ఇండియన్లుగా పేరుపడ్డ నల్లజాతి పేటలవారు. ఏటేటా కొత్త వేషాన్ని పూసలతో, ఈకలతో చేత్తో కుట్టుకోవడం వారి కట్టుబాటు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇంటిల్లిపాదీ సూది పట్టుకుంటారు. 2005లో మరణించిన టూటీ మోంటానా అనే నాయకుడు 50 ఏళ్ళకు పైగా అట్లా కుట్టినవాడు. వృత్తిరీత్యా ఆయన ఇళ్ళ గోడలకు లోహపు చట్రాలు అమర్చే పనివాడు. 2021లో కరోనా వల్ల ఊరేగింపులు ఆగిపోతే, జనం తమ ఇళ్ళనే శకటాలుగా అలంకరించుకున్నారు. చేసే చేతులు పేటలోనే ఉన్నందువల్ల అది సాధ్యమైందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇటీవలి వార్షికోత్సవాల ఫోటోలలో పిల్లల వేషాలు చాలావరకు అద్దెకు తెచ్చినవని తెలిసి బాధ కలిగింది. పిల్లలు ముచ్చటగానే ఉన్నారు, కానీ ఆ దుస్తులు ఏ ఊరి బడికైనా సరిపోతాయి. క్రాఫ్టు గదిని వార్షికోత్సవానికి ముందు కొన్ని వారాలు మళ్ళీ తెరవవలసిందిగా ప్రధానోపాధ్యాయులను, ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను. వెదురుకు, బట్టకు, రంగులకు అయ్యే ఖర్చును మా బ్యాచ్ భరిస్తుంది. ఊళ్ళోనే ఉన్న మా మిత్రులు సాయంత్రాలు వచ్చి చట్రాలు కట్టడం నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు.